టిల్‌ఫర్డ్ వారి తోడు
పదకొండో భాగం

గిరిజ ఇంకా వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. వారం రోజులుగా పాపం ఆమెను అక్కడే నిలబెట్టి ఉంచాం. భుజాన ఆఫీసు బ్యాగు అలాగే ఉంది. ఒక కాలి చెప్పు విప్పింది, రెండోది విప్పలేదు. కళ్ళు మాత్రం సింకు పక్కనున్న గిన్నెల స్టాండు మీదే ఉన్నాయి. ఆ స్టాండులో నీలం మూత సీసా బోర్లించి ఉంది. ఎవరో శుభ్రంగా తోమారు. అడుగున ఒక్క నీటిబొట్టు తప్ప అందులో ఇంకేమీ లేదు.

ఆ సీసాలో ఏముండేదో మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇల్లినాయ్ నది వంపు తిరిగే చోట కార్వర్స్ బెండ్ అని ఒక చిన్న ఊరు. అమెరికా ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన అంతర్యుద్ధం ముగిశాక, ఏమస్ టిల్‌ఫర్డ్ అనే సైనికుడు అక్కడ బట్టీ పెట్టి ఓల్డ్ టిల్‌ఫర్డ్ అనే విస్కీ కాచాడు. ఒకప్పుడు ఆ సీసా లేని హోటలు షికాగోలో లేదనేవారు. తర్వాత 1920లో మద్యనిషేధం వచ్చి బట్టీ ఆరిపోయింది. నిషేధం ఎత్తేశాక మళ్ళీ వెలిగించారు గాని, ఆ పాత రుచి రాలేదు. ముప్పై ఏళ్ళు ఈడ్చి ఈడ్చి చివరికి తాళం వేశారు. ఇదిగో, ఈ 2012లో షికాగోలోని ఒక చిన్న కంపెనీ ఆ పేరును తిరిగి నిలబెట్టడానికి పూనుకుంది. గిరిజ అందులో మైక్రోబయాలజిస్టు. ధాన్యపు గంజిని పులియబెట్టే ఈస్టు సంగతి చూడటం ఆమె పని.

పాత టిల్‌ఫర్డ్ ఈస్టు లోకంలో ఎక్కడా బతికి లేదనే అందరూ అనుకున్నారు. కిందటి శనివారం కార్వర్స్ బెండ్‌లో లొరెట్టా హాస్కెల్ అనే ముసలామె, ఏమస్ వంశంలో మిగిలిన ఒకే ఒక్క మనిషి, తన ఫ్రిజ్‌లోంచి నీలం మూత సీసా తీసి గిరిజ చేతిలో పెట్టింది. "ఇదే ఆయన ఈస్టు. మా అమ్మమ్మ నాటినుంచీ దీంతో రొట్టెలు చేసుకుంటున్నాం. నా వేళ్ళు ఇక పిండి పిసకలేవు. మొత్తం నువ్వే తీసుకుపో," అంది. సోమవారం పొద్దున రైలుకి వేళ మించిపోతోందన్న కంగారులో గిరిజ ఆ సీసాను ఇంట్లోనే మరిచిపోయింది. సాయంత్రం వచ్చి చూస్తే ఇదీ సంగతి.

పొయ్యి మీద బొంగరాల పెనం ఉంది. గిరిజ తల్లి కృష్ణవేణమ్మ నెల్లూరు నుంచి షికాగో పక్కనున్న ఈ నేపర్‌విల్ దాకా సూట్‌కేసులో, చీర మడతల మధ్య పెట్టుకుని తెచ్చుకున్న పెనం అది. ఆమె పుల్లతో ఒక్కొక్క బొంగరాన్నీ తిరగేస్తోంది. బల్ల దగ్గర వర్ష కూర్చుని ఆవురావురుమని తింటోంది. వర్ష పుట్టింది, పెరిగింది నేపర్‌విల్లోనే. కంపెనీలో బట్టీ బాధ్యత ఆమెదే. సీసాను ల్యాబుకి తీసుకుపోదామని కారేసుకుని వచ్చి, గిరిజ ఇంకా రాలేదంటే ఆగింది. ఆగినదానికి కృష్ణవేణమ్మ పళ్ళెం పెట్టింది.

"ఆంటీ, ఇవి చాలా గుడ్ ఉన్నాయి. బయట క్రిస్పీ, లోపల సాఫ్ట్. పేరు ఏంటి మళ్ళీ?"

"పులిబొంగరాలు."

"పులి అంటే టైగర్ కదా?"

"ఆ పులి కాదు బంగారూ. పులిసిన పిండితో చేస్తే పులిబొంగరాలు. ఇంకో రెండు ఏసుకో. ఏందే గిరిజా, ఆ చెప్పు గూడా ఇప్పి లోపలికి రా, ఆడ్నే నిలబడ్డావు."

గిరిజ రెండో చెప్పు కూడా విప్పి లోపలికి వచ్చింది. "అమ్మా. ఆ సీసాలో ఉన్నది ఏం చేశావు?"

"నీలం మూతదా? ఇదిగో, ఇదే గదా." పుల్లతో పెనం చూపించింది. "పిండి పొంగి మూత నెత్తినెత్తుకోనుండాది. ఇంత పులిసిన పిండిని ఫ్రిజ్జిలో బెట్టి మర్చిపోయినావే అనుకున్నా. పారెయ్య బుద్ధి కాలా. ఇన్ని బియ్యం, రవ్వంత మినప్పప్పు నానేసి రుబ్బి కలిపినా. ఎట్ట పొంగిందనుకున్నావు మే, సాయంత్రానికి గిన్నె దాటుకోని వచ్చింది. ఎర్రగడ్డలు, పచ్చిమిరక్కాయలు కోసేసినా. నా జన్మలో ఇంత మెత్తగా రాలేదు బొంగరాలు."

వర్ష నమలడం ఆపింది. చేతిలోని బొంగరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "వెయిట్. గిరిజక్కా, ఇది ఆ జార్? నేను తిన్నది... అదా?"

గిరిజ కుర్చీలో కూలబడింది. ఏమస్ టిల్‌ఫర్డ్ ఈస్టు అంతర్యుద్ధం కాలం నుంచి బతికి, మద్యనిషేధాన్ని దాటి, ఇరవయ్యో శతాబ్దాన్ని దాటి, చివరికి నేపర్‌విల్లో ఉల్లిపాయలతో కలిసి ఆగిపోయింది. నవ్వాలో ఏడవాలో కూడా తెలియలేదు.

"మొత్తం వాడేశావా అమ్మా?" అంది, జవాబు తెలిసినదానిలా.

కృష్ణవేణమ్మ కూతురికేసి వింతగా చూసింది. ఇంత చదువుకుని ఈ ప్రశ్న ఏమిటన్నట్టు చూసింది.

"మొత్తం ఎట్ట వాడతారే? తోడుకి తియ్యకుండా ఎవురన్నా గిన్నె ఖాళీ చేస్తారా?"

ఓవెన్ తలుపు తీసి, పళ్ళెం మూసిన చిన్న స్టీలు గిన్నె ఒకటి బయటికి తీసింది. "పిండి కలపకముందే పక్కకి తీసి పెట్టినా. ఉత్తదాన్ని పెడితే దానికీ ఆకలేస్తది గదా, రెండు చెంచాల గోధుమ పిండి, రవ్వన్ని నీళ్ళు ఏసినా."

గిరిజ లేచి వెళ్ళి పళ్ళెం తీసింది.

గిన్నెలో ఉన్నది కదులుతోంది. పైన గుమ్మటంలా ఉబ్బి ఉంది. ఒక బుడగ మెల్లగా పైకి లేచి, ఆలోచించుకుంటున్నట్టు కాసేపు నిలిచి, పగిలింది. పగిలినచోటి నుంచి వాసన వచ్చింది. దోశ పిండి పులుపు కాదది, పెరుగు పులుపూ కాదు. బాగా మగ్గిన బేరిపండు వాసన. గిరిజకి చేతుల మీద రోమాలు లేచాయి. శనివారం లొరెట్టా చెప్పింది గుర్తొచ్చింది. ఏమస్ టిల్‌ఫర్డ్ ఈస్టును ఎవరి దగ్గరా కొనలేదట. వసంతంలో బేరిచెట్లు పూత మీద ఉన్నప్పుడు ఉడికించిన గంజి తొట్టెను వాటికింద పెట్టి, మూత తీసి, రాత్రంతా వదిలేశాడట. గాలిలో ఉన్నదేదో దిగి వచ్చి అందులో కాపురం పెట్టిందట. ఆ చెట్లు ఎప్పుడో పోయాయి. తోట ఉన్నచోట ఇప్పుడు గోదాము ఉంది. ఏ వసంతపు పూతో, ఏ రాత్రి గాలో ఇక్కడ, తన తల్లి చేతి గిన్నెలో, ఇవాళ వేసిన గోధుమ పిండి తిని ఊపిరి వదులుతోంది.

పదిహేనేళ్ళుగా గిరిజ ఈస్టును మైక్రోస్కోపులో చూస్తోంది. ఎన్నో రకాలు పెంచింది, గడ్డకట్టించింది, అవసరం తీరాక పారబోసింది. దేని ముందూ ఇలా చేతులు కట్టుకుని నిలబడలేదు.

వర్ష కూడా వచ్చి తొంగి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆనందం పట్టలేక కృష్ణవేణమ్మను వాటేసుకుంది.

"ఆంటీ, మీరు సేవ్ చేశారు. మీకు తెలీదు, మీరు ఓల్డ్ టిల్‌ఫర్డ్‌ని సేవ్ చేశారు. ఫస్ట్ బాటిల్ విస్కీ మీకే ఇవ్వాలి మేము."

గిరిజ కళ్ళు మూసుకుంది.

"విస్కీనా?" అంది కృష్ణవేణమ్మ.

"యా, విస్కీ. గిరిజక్క చెప్పలేదా? మా కంపెనీ అదే చేస్తుంది. లిక్కర్, కానీ వెరీ క్లాసీ లిక్కర్, ఆంటీ."

"క్లాసు సారాయి," అంది కృష్ణవేణమ్మ.

ఆ మాట అని పుల్ల కింద పెట్టింది. పొయ్యి కట్టేసింది. పెనంలో చివరి వాయి సగం కాలి ఆగిపోయింది. గిన్నెను గిరిజ ముందునుంచి తీసుకుంది. తీసుకుని సింకు దగ్గరికి నడిచింది. కొళాయి తిప్పింది. గోడ మీద ఒక స్విచ్చి ఉంటుంది. అది వేస్తే సింకు అడుగున మర గుర్రుమంటూ తిరిగి, పడ్డదాన్నల్లా నమిలి కాలవలోకి పంపేస్తుంది. వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకి ఉలిక్కిపడేది గాని, ఇప్పుడు ఆమెకి ఈ దేశంలో నచ్చిన ఒకటి రెండు వస్తువుల్లో అదొకటి. ఎడమచేతిలో గిన్నె పట్టుకుని కుడిచెయ్యి ఆ స్విచ్చి మీద వేసింది.

"మూణ్ణెల్ల నుంచీ నాకు ఏం జెప్పినావు మే నువ్వు? రొట్టెల పులుపు పెంచే కొలువు అన్జెప్పినావు."

"రొట్టెల పులుపే అమ్మా ఇది."

"ఇంకా అదే మాట."

ఎందుకు దాచిందో తల్లికీ తెలుసు, గిరిజకీ తెలుసు. గిరిజ తండ్రిని సారాయి తినేసింది. ఆయన పోయేనాటికి గిరిజ డిగ్రీ చదువుతూ నెల్లూరులో హాస్టల్లో ఉంది. ఆ తర్వాతి సంవత్సరమే, జిల్లా అంతా ఆడవాళ్ళు చీపుర్లు, రోకళ్ళు పట్టుకుని సారాయి కొట్ల మీదికి వెళ్ళిన రోజుల్లో, వాళ్ళ ఊళ్ళో అందరికంటే ముందు నడిచింది కృష్ణవేణమ్మే. వేలంలో కొట్టు పాడుకున్నవాళ్ళ మనుషులు దారికి అడ్డం నిలబడితే వాళ్ళ మధ్యనుంచే నడుచుకుంటూ వెళ్ళింది. పీపాలు దొర్లించింది, కుండలు పగలగొట్టింది. మళ్ళీ ఆ ఊళ్ళో ఎవరూ కొట్టు తెరవలేదు. అటువంటి మనిషికి, నేను విస్కీ కంపెనీలో పని చేస్తున్నానమ్మా అని ఏ నోటితో చెప్పగలదు.

"ఆ గిన్నె ఒక్కటే ఉందమ్మా," అంది గిరిజ. "లోకం మొత్తంలో అదొక్కటే. అది పోతే మళ్ళీ రాదు."

"రాకపోతే మంచిదే గదా."

వర్ష ఏదో అనబోయింది. గిరిజ తల ఊపి ఆపింది. రెండంగల్లో వెళ్ళి గిన్నె లాక్కోవచ్చు. వయసులో, బలంలో తనదే పైచెయ్యి. కాని తల్లి చేతిలోంచి లాక్కున్నదాన్ని రేపు ఏ ముఖంతో పెంచుతుంది. గిరిజ కదలలేదు. కొళాయి నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి.

బల్ల మీద గిరిజ ఫోను మోగింది. వర్ష చూసి, "లొరెట్టా," అంది. ఈస్టు ఎలా ఉందో కనుక్కోవడానికి ఫోన్ చేస్తానని ఆమె శనివారమే చెప్పింది. ఎత్తకపోతే ముసలామె కంగారు పడుతుందని వర్ష స్పీకర్ నొక్కింది.

"పొంగిందా?" అంది లొరెట్టా గొంతు. పలకరింపు లేదు, ఏమీ లేదు. ముందు అదే అడిగింది.

"పొంగింది," అంది గిరిజ ఇంగ్లీషులో. "మా అమ్మ చేతిలో ఉంది."

"ఎవరది?" అంది కృష్ణవేణమ్మ.

"ఆ సీసా ఇచ్చినావిడ. ఆ విస్కీ కాచినాయన ముని మనవరాలు."

కృష్ణవేణమ్మ కొళాయి సగం తగ్గించింది, మాట వినపడేందుకు. స్విచ్చి మీది చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఒక మాట అడుగు ఆమెని. వాళ్ళింట్లో మొగోళ్ళు తాగేవాళ్ళా అని అడుగు."

గిరిజ తటపటాయించింది. తల్లి చూపు చూసి, అడిగింది.

ఫోనులో కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది.

"ఆ మాట అడిగింది ఎవరు?" అంది లొరెట్టా.

"మా అమ్మ."

"మీ అమ్మతో చెప్పు. తాగేవాళ్ళు. మా తాత వాల్టర్ పొద్దున లేచినప్పటినుంచీ తాగేవాడు. బట్టీ ఆయనదే కదా, అడిగేవాళ్ళు లేరు. ఒక చలికాలం మా అమ్మమ్మ మిన్నీని రెండు చంటిపిల్లలతో సహా మంచులో బయట పెట్టి తలుపేశాడు. ఆ తర్వాత మా అమ్మమ్మ ఏం చేసిందో నేను నీకు శనివారం చెప్పలేదు గిరిజా. నువ్వు పని మీద వచ్చావు, నీకు అక్కర్లేదేమో అనుకున్నాను. మీ అమ్మకి అక్కరుంటే చెబుతాను."

గిరిజ తెలుగులో చెప్పింది. కృష్ణవేణమ్మ తల పంకించింది. చెప్పమన్నట్టు.

లొరెట్టా చెప్పింది. మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పింది. ఒక్కొక్క ముక్కా గిరిజ తెలుగులో పెట్టింది. మిన్నీ టిల్‌ఫర్డ్ గౌనుకి తెల్ల రిబ్బను గుచ్చుకుని, మద్యం వద్దనే ఆడవాళ్ళతో కలిసింది. వాళ్ళు సారాకొట్ల ముందు, మంచులో, మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థనలు చేసేవాళ్ళు. లోపలున్న మగవాళ్ళు సిగ్గుపడి వెనకదారిన పోయేవాళ్ళు. బట్టీ యజమాని భార్యే ముందు వరసలో కూర్చుంటే ఊరంతా నోళ్ళు నొక్కుకుంది. చివరికి నిషేధం వచ్చింది. ప్రభుత్వం మనుషులు వచ్చి గోదాములోని పీపాలన్నీ ఒడ్డుకి దొర్లించి గొడ్డళ్ళతో పగలగొట్టారు. నది ఎర్రగా పారింది. వారం రోజులు ఊరంతా అదే వాసన. ఆ నీళ్ళు తాగి పందులు వీధుల్లో తూలుతూ నడిచాయట.

అది విని కృష్ణవేణమ్మ పెదవి కదిలింది. "మా ఊళ్ళో కోళ్ళు తూలినాయి," అంది. "చెప్పు ఆమెకి. రెండు కోళ్ళు తూలుకుంటా పొయ్యి కరణంగారి ఇంట్లో జొరబడినాయి."

గిరిజ చెప్పింది. ఫోనులోంచి నవ్వు వినపడింది. ఎండుటాకుల మీద నడిచినట్టుండే నవ్వు.

"అడుగు," అంది కృష్ణవేణమ్మ, కొళాయి పూర్తిగా కట్టేస్తూ. "అన్ని పీపాలు పగలగొట్టించిన మనిషి, దీన్ని ఎందుకు మిగిల్చింది?"

"ఆ రోజు సాయంత్రం," అంది లొరెట్టా, "మా తాత ఈస్టు కూజాను చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. బట్టీలో దాన్ని బావిలో వేలాడదీసి చల్లగా ఉంచేవాళ్ళు. వాళ్ళ నాన్న చలి ఎక్కువైన రోజుల్లో దాన్ని దుప్పట్లో పెట్టుకుని పడుకునేవాడట. ఆయన చేతినుంచి మా తాత చేతికి వచ్చింది. మా తాత వాకిట్లో నిలబడి, ఇక ఇది మాత్రం ఎందుకని కూజా ఎత్తాడు, రాతి మెట్టుకేసి కొడదామని. అమ్మమ్మ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆమె అన్న మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. దీన్ని చంపకు. తాగింది నువ్వు, ఇది కాదు."

గిరిజ ఆ మాటను వెంటనే తెలుగులో చెప్పలేకపోయింది. రెండోసారి ప్రయత్నించి చెప్పింది.

గిన్నెలో ఒక బుడగ పగిలిన చప్పుడు వినపడింది.

ఆనాటినుంచీ మిన్నీ ప్రతి శనివారం దానికి పిండి పెట్టింది, రొట్టె చేసింది. నిషేధం పోయాక కొడుకులు వచ్చి బట్టీ తెరుస్తున్నాం, ఆ కూజా ఇవ్వమని బతిమాలారు. రొట్టెలు ఎన్ని కావాలంటే అన్ని చేసి పెడతాను, ఇది మాత్రం ఇవ్వనంది. వాళ్ళు బజారు ఈస్టుతో కాచారు. పాత తాగుబోతులు ఒక్క గుక్క తాగి, పేరు ఒక్కటే తిరిగి వచ్చిందిరా అన్నారు. టిల్‌ఫర్డ్ రుచి ఎలా పోయిందని కంపెనీలు, పుస్తకాలు రాసినవాళ్ళు బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. నీళ్ళు మారాయన్నారు, పీపాల కలప మారిందన్నారు. ఇన్నేళ్ళుగా ఆ రుచి ఒక ఆడమనిషి వంటింట్లో, రొట్టెల్లో పొంగుతూ ఉందని ఎవరూ అనుకోలేదు.

వర్ష కుర్చీలో మెల్లగా కూర్చుంది. "నైన్టీ ఇయర్స్," అంది తనలో తాను. "బ్రెడ్‌లో దాచారు."

"ఇప్పుడు ఈమె ఎందుకిచ్చింది మరి?" అంది కృష్ణవేణమ్మ. గొంతులో కోపం ఉందో లేదో గిరిజకి తెలియలేదు. "వాళ్ళమ్మమ్మ కొడుకులకే ఇవ్వలేదే. నీకెట్ట ఇచ్చింది?"

గిరిజ అడిగింది.

"నువ్వు వెళ్ళేముందు నిన్నొక మాట అడిగాను, గుర్తుందా?" అంది లొరెట్టా. "నువ్వు తాగుతావా అని అడిగాను. తాగను, తాగితే మా అమ్మ నన్ను బతకనివ్వదు అన్నావు. ఆ ఇంట్లోనూ ఒక మిన్నీ ఉంది అనుకున్నాను. ఉంటే ఇది పదిలంగా ఉంటుంది. మీరు దాంతో ఏం కాస్తారో మీ ఇష్టం, నేను అప్పటికి ఉండను. ఇది చావకూడదు, అంతే. మీ అమ్మకి నా నమస్కారం చెప్పు." ఆమె ఫోను పెట్టేసింది. పెద్దవాళ్ళు చాలామంది అలాగే పెట్టేస్తారు.

గిరిజ చివరి మాటలన్నీ వరసగా చెప్పింది. ఏదీ దాచలేదు, తాగితే మా అమ్మ బతకనివ్వదు అన్నదీ దాచలేదు.

కృష్ణవేణమ్మ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది. స్విచ్చి మీది చెయ్యి ఎప్పుడు తీసిందో గిరిజ గమనించలేదు. ఇప్పుడు ఆ చెయ్యి గిన్నె కింద ఉంది, చంటిబిడ్డ తల కింద పెట్టినట్టు.

"ఆమె చెయ్యి, వాళ్ళమ్మ చెయ్యి, వాళ్ళమ్మమ్మ చెయ్యి," అంది మెల్లగా. "అంతకుముందు దుప్పట్లో పెట్టుకున్న ఆ ముసలాయన చెయ్యి. అందరూ పొయినారు. ఇది మాత్రం పొద్దున నేనేసిన పిండి తిని పొంగతా ఉండాది. ఏం ప్రాణం మే ఇది."

"అవునమ్మా," అంది గిరిజ.

"దీన్ని నేనేం చెయ్యనులే. ఆడమనిషి నమ్మి పంపినదాన్ని నేనెందుకు చంపుతా." పళ్ళెం మూసింది. "అట్టని మీరు కాసేది నాకు సమ్మతం అనుకునేవు. ఆ సంగతి నువ్వూ నేనూ ఇంకా మాట్లాడుకోవాల."

"మాట్లాడుకుందాం." గిరిజ వర్షవైపు తిరిగింది. "వర్షా, నువ్విప్పుడే దీన్ని ల్యాబుకి తీసుకుపో. ముందు కొంచెం గడ్డకట్టించి దాచిపెట్టు. ఇంకోసారి ఇలా ఒక్క గిన్నె మీద ప్రాణం పెట్టుకోలేను."

వర్ష చేతులు చాపింది. కృష్ణవేణమ్మ గిన్నె ఇవ్వలేదు.

"దీపాలు పెట్టే వేళయింది. ఈ వేళప్పుడు తోడు ఇల్లు దాటనియ్యరు. పొద్దున తీసుకోని పొండి."

"అది రూలా, ఆంటీ?"

"మా ఇంట్లో రూలే."

"కానీ ఆంటీ, ఇన్‌క్యుబేటర్ రెడీగా ఉంది. టెంపరేచర్ సెట్ చేసి వచ్చాను."

"ఇన్నేళ్ళు వంటింట్లో ఉండింది గదా, ఒక్క రేత్రి ఉంటే ఏం కాదు. నువ్వు గూడా ఈడ్నే పడుకో. నీకు కాపలా అది, దానికి కాపలా నువ్వు."

గిరిజకి నవ్వొచ్చింది. ఆ సాయంత్రం మొదటిసారి నవ్వింది. వర్ష కూడా నవ్వి, చల్లారిన బొంగరం ఒకటి నోట్లో వేసుకుంది. ఈసారి నెమ్మదిగా, కళ్ళు మూసుకుని నమిలింది.

కృష్ణవేణమ్మ గిన్నెను బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

"ఐతే ఒక మాట. తోడు ఇచ్చేటప్పుడు అది ఎవురింటికి పోతా ఉండాదో తెలుసుకోని ఇస్తాం. ఎవురిదే ఆ కంపెనీ? తెల్లోళ్ళదా?"

"కాదమ్మా, మన తెలుగాయనే. ఆంజనేయప్రసాద్ గారని. హోటళ్ళున్నాయి ఆయనకి. ఈ టిల్‌ఫర్డ్ పేరు తిరిగి లేవాలని పిచ్చి పట్టినట్టు తిరుగుతున్నాడు. మంచి మనిషి."

"ఏ ఊరోళ్ళు?"

"మన నెల్లూరు వైపేనట. ఏ ఊరో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు."

"బొమ్మ ఉండాదా ఆయనది?"

గిరిజ ఫోనులో వెతికి చూపించింది. వేసవిలో కొత్త బట్టీ తెచ్చి నిలబెట్టిన రోజు తీసిన ఫోటో. నిలువెత్తు రాగి పాత్ర పక్కన, చొక్కా చేతులు మడిచి, నలభై దాటిన మనిషి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. కృష్ణవేణమ్మ అద్దాలు సర్దుకుంది. రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. చివరికి ఫోను నిండా ఆయన నుదురు ఒక్కటే కనిపించింది. కుడి కనుబొమ మీదుగా జుట్టులోకి పోయిన మచ్చ ఒకటి ఉంది. రోజూ చూసే మచ్చే గనక గిరిజ దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది.

తల్లి అంతసేపు దాన్నే చూస్తుంటే, "చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలిందటమ్మా," అంది.

కృష్ణవేణమ్మ ఫోనును బల్ల మీద బోర్లించింది. గిన్నెను తన దగ్గరికి లాక్కుంది.

"బంతి కాదు మే అది. మనూరి కొట్టుకాడి సారాయి కుండ. ఇసిరింది నేనే."